మందులకు లొంగని బీపీ: కష్టం ఒంట్లోకి దిగే దారి చూపిన ఒక కేసు

ఈ మధ్య పేషెంట్లు ఎపిజెనెటిక్స్ గురించి, అంటే జన్యువు మారకుండానే అది పనిచేసే తీరు ఎలా మారుతుందో చెప్పే శాస్త్రం గురించి అడుగుతున్నారు. ఆ పేరు తెలియకపోయినా ‘చిన్నప్పుడు పడ్డ కష్టాలు డీఎన్‌ఏలో ఉండిపోతాయట కదా, డాక్టర్ గారూ’ అంటున్నారు. ఆ అడగడంలో ఎక్కువగా భయమే ఉంటుంది. ఆ శాస్త్రం నిజంగా ఏం చెబుతుంది, వైద్యం చేసేటప్పుడు అది ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ దాన్ని పక్కన పెట్టాలి అన్న మూడు విషయాలూ ఒకే పేషెంట్‌లో కనిపించాయి కాబట్టి ఈ కేసు రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను. వయసు, పని, కుటుంబం గురించిన వివరాల్లో కొన్ని మార్చాను. వైద్యం జరిగిన వరస మాత్రం మార్చలేదు.

నేపథ్యం

నలభై దాటిన మహిళ. ఆఫీసు భవనాలు శుభ్రం చేసే పని. కొన్ని వారాలు పగలు, కొన్ని వారాలు రాత్రి, ఏ వారం ఏ షిఫ్టో ముందుగా తెలియదు. ముప్పై ఎనిమిదో ఏట బీపీ, ఆ తర్వాత రెండేళ్లకే షుగర్ బయటపడ్డాయి. చాలాకాలంగా ఒళ్లంతా నొప్పులు. ఒక కూతురు, ఆ అమ్మాయికి పెళ్లయింది.

కేస్ షీట్‌లో మొదట ఉన్నది ఇంతే. అసలు నేపథ్యం చాలా ఆలస్యంగా బయటికొచ్చింది. అది ఎలా వచ్చిందన్నది కూడా ఈ కేసులో భాగమే కాబట్టి ఆ సంగతి దాని చోటే చెబుతాను.

ఏ సమస్యతో వచ్చారు

వేరేచోట చూపించుకుని, అక్కడి వాళ్లు పంపితే వచ్చారు. మూడు రకాల బీపీ మందులు, ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, క్లోర్‌థాలిడోన్, పూర్తి డోసులో వాడుతున్నా బీపీ 168/102. మెట్‌ఫార్మిన్‌తో పాటు మరో షుగర్ మందు ఉన్నా, గత రెండు మూడు నెలల షుగర్ సగటును చూపే హెచ్‌బిఎ1సి 9.6. ఒంట్లో వాపు స్థాయిని చూపే సీఆర్‌పీ లీటరుకు 7 మిల్లీగ్రాములు. ఎక్కడా ఇన్ఫెక్షన్ లేదు. కిడ్నీలు బాగున్నాయి. పంపిన కాగితం మీద చివరి వాక్యం: ‘మందులు సరిగా వేసుకోవడం లేదని అనుమానం’.

ఆ వాక్యాన్ని నమ్మితే తర్వాత జరిగేదంతా మారిపోతుంది. డాక్టర్ పేషెంట్‌ను మందలిస్తాడు, పేషెంట్ రావడం మానేస్తుంది. అందుకే మొదటి ప్రశ్నను మరోలా వేసుకున్నాం. ఇది నిజంగా మందులకు లొంగని బీపీయేనా, లేక అలా కనిపిస్తోందా?

మొదటి దశ: కనిపించేది నిజమేనా

మూత్రం ఎక్కువగా పోయించే మందుతో సహా మూడు మందులు తగిన డోసులో వాడినా బీపీ అదుపులోకి రాకపోతే దాన్ని మొండి బీపీ అంటాం. కానీ అలా ముద్ర వేసే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆమె వాడేసిన మందుల ఖాళీ స్ట్రిప్పులు సంచిలో వేసుకొచ్చారు. కొన్న తేదీలతో లెక్క సరిపోయింది. మందులు మానడం లేదు. చేయి లావుగా ఉన్నవాళ్లకు చిన్న పట్టీ చుడితే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీతో తీశాం. కొంచెం తగ్గింది, అంతే.

తర్వాత 24 గంటల బీపీ మానిటర్ పెట్టాం. సగటు 152/94 వచ్చింది. 24 గంటల సగటు 130/80 లోపు ఉండాలి కాబట్టి డాక్టర్‌ను చూస్తే వచ్చే టెన్షన్ వల్ల పెరిగిన బీపీ కాదని తేలింది.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి, చాలామంది దీన్ని వదిలేస్తారు. నిద్రలో బీపీ మామూలుగా 10 నుంచి 20 శాతం పడిపోవాలి. మానిటర్ సాఫ్ట్‌వేర్ మాత్రం రాత్రి అంటే నిద్ర అనే లెక్కతోనే రిపోర్టు ఇస్తుంది. ఆ వారం ఆమెది రాత్రి షిఫ్టు. ఆ రిపోర్టును అలాగే చదివితే ఆమె నేల తుడుస్తున్న గంటలను నిద్ర గంటలుగా లెక్కేసినట్టే. అందుకే ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు లేచారో డైరీలో రాయించి, దాని ప్రకారం మళ్లీ లెక్క వేశాం. పగటి నిద్రలోనూ బీపీ పడలేదు. పైగా రెండుచోట్ల ఒక్కసారిగా ఎగసింది. ఆ రెండు సమయాల ఎదురుగా ఆమె డైరీలో ఒకే మాట రాశారు: తలుపు.

ఆ మాటేంటని వెంటనే అడగలేదు. బీపీని పెంచే వేరే జబ్బులు లేవని ముందు తేల్చుకోవాలి. బీపీని నడిపే ఆల్డోస్టిరోన్, రెనిన్ హార్మోన్ల నిష్పత్తి, థైరాయిడ్, కిడ్నీ రక్తనాళాల స్కాన్, నిద్రలో ఊపిరి ఆగే సమస్యకు పరీక్ష, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఎక్కువైందేమో చూసే 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ పరీక్ష చేశాం. నిద్రలో ఊపిరి సమస్య స్వల్పంగా ఉంది, దానితో ఇంత బీపీ రాదు. మిగతావన్నీ మామూలే. కానీ మందుల సంచిలో ఒక నొప్పి మాత్ర దొరికింది. ఒళ్లు నొప్పులకు డాక్టర్ చీటీ లేకుండా కొనుక్కుని రోజూ డైక్లోఫెనాక్ వేసుకుంటున్నారు. ఈ రకం మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని నిలబెట్టి బీపీ పెంచుతాయి, టెల్మిసార్టన్ లాంటి మందుల పనిని దెబ్బతీస్తాయి, కిడ్నీలకూ ముప్పు. దాన్ని ఆపించి, నొప్పులకు పడుకునే ముందు తక్కువ డోసు అమిట్రిప్టిలిన్, మెల్లగా పెంచుకుంటూ పోయే వ్యాయామం మొదలుపెట్టాం. బీపీ 156/96కి దిగింది.

మందులతో ఇంకొంత దూరం

మూడు మందులతో కాకపోతే నాలుగోదిగా స్పైరోనోలాక్టోన్ మంచి ఎంపిక అని 2015లో వచ్చిన పాత్‌వే-2 ట్రయల్ చూపింది. పొటాషియం చూసుకుంటూ 25 మిల్లీగ్రాములు ఇచ్చాం. 150/92 వచ్చి అక్కడే నిలబడింది.

షుగర్‌కు రోజుకు ఒకసారి తీసుకునే ఇన్సులిన్ మొదలుపెట్టాం. హెచ్‌బిఎ1సి అంత ఎక్కువ ఉన్నప్పుడు అది సరైన అడుగే. అయితే ఆ ఇన్సులిన్‌కు రోజూ ఒకే వేళ కావాలి, తిండికీ నిద్రకీ ఒక క్రమం కావాలి. ఆమెకు ఆ రెండూ లేవు. రాత్రి పనిలో ఉండగా షుగర్ పడిపోయి చెమటలు పట్టేవి. మళ్లీ పడిపోతుందేమోనన్న భయంతో ఆమె ఎక్కువ తినడం మొదలుపెట్టారు. బరువు పెరిగింది, హెచ్‌బిఎ1సి 9.4 దగ్గరే ఆగింది. ఇన్సులిన్ ఆపి, షుగర్ పడిపోయే ప్రమాదం తక్కువగా ఉండే ఎంపాగ్లిఫ్లోజిన్ ఇచ్చాం. అప్పటికే వాడుతున్న రెండో షుగర్ మందును కూడా ఆ కారణంతోనే తీసేశాం. మూడు నెలలకు 8.7.

ఇంకో మందు కలపడానికి దారి ఉంది. కానీ లెక్క కుదరడం లేదు. బీపీ, షుగర్, బరువు, సీఆర్‌పీ, నొప్పి, నిద్ర అన్నీ ఒకేసారి చెడ్డాయి. ఒక్కోదానికి ఒక్కో మందు రాస్తూ పోవడం కంటే, వీటన్నిటినీ ఒకేచోట నుంచి తోస్తున్నది ఏమిటని ఆలోచించడం మంచిదనిపించింది. అప్పుడు ఆ డైరీ బయటికి తీశాం.

తలుపు

‘ఇక్కడ తలుపు అని రాశారు కదమ్మా, ఏంటది?’ అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడారు.

వదిలేసి వచ్చిన భర్త చేసిన అప్పుకు ఆమె సంతకం ఉంది. వసూలు చేసేవాళ్లు ఆమె ఇంట్లో ఉండే వేళ చూసుకుని, అంటే పగలు, వచ్చి తలుపు బాదుతారు. ఆమె పడుకునేది ఆ వేళే. రాని రోజు కూడా వస్తారేమోనని నిద్ర పట్టదు. ‘చిన్నప్పుడూ అంతే డాక్టర్ గారూ. నాన్న తాగి వచ్చి తలుపు తన్నేవాడు. ఆ చప్పుడును బట్టి ఇవాళ ఎంత కొడతాడో తెలిసిపోయేది.’ బడి మధ్యలో ఆగిపోయింది. పెళ్లయ్యాక భర్త దగ్గరా దెబ్బలే.

మరో మాట కూడా చెప్పారు. కూతురికి నాలుగో నెల. కష్టాలు జన్యువుల్లో చేరి పిల్లలకు, వాళ్ల పిల్లలకు పోతాయని ఫోన్‌లో ఒక వీడియో చూశారట. ‘నా బతుకు దాని కడుపులో బిడ్డకు అంటుకుంటుందా?’ ఇన్ని నెలల్లో ఆమె నన్ను సూటిగా అడిగిన మొదటి ప్రశ్న అదే.

కష్టం ఒంట్లోకి ఎలా దిగుతుంది

భయం కలిగినప్పుడు మెదడు కార్టిసాల్‌ను, అడ్రినలిన్‌ను విడుదల చేయిస్తుంది. కార్టిసాల్ షుగర్‌ను రక్తంలోకి తెస్తుంది, అడ్రినలిన్ గుండె వేగాన్ని, బీపీని పెంచుతుంది. పని అయిపోయాక కార్టిసాలే మెదడులో తన సందేశాన్ని అందుకునే గ్రాహకాలకు తగిలి ‘ఇక చాలు’ అని చెబుతుంది. ఈ ఆపే ఏర్పాటు బాగుంటే భయం వల్ల ఒంటికి పెద్దగా నష్టం లేదు. ఈ భయపు స్పందన మళ్లీ మళ్లీ పనిచేయాల్సి వచ్చినా, ఆగకుండా నడుస్తూనే ఉన్నా రక్తనాళాలు, కొవ్వు, కాలేయం, రోగనిరోధక కణాలు అన్నీ అరిగిపోతాయి. 1993లో బ్రూస్ మెక్‌ఇవెన్, ఎలియట్ స్టెల్లార్ ఈ అరుగుదలకే అలోస్టాటిక్ లోడ్ అని పేరు పెట్టారు. అన్నీ ఒకేసారి చెడిపోయిన ఈ కేసుకు అంతకంటే సరిపోయే పేరు నాకు తెలియదు.

ఎపిజెనెటిక్స్ వచ్చేది ఆ ఆపే ఏర్పాటు దగ్గర. జన్యువులో అక్షరాల వరస మారదు. దాని మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు పడటం వల్లనో, డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్లు బిగుసుకోవడం వల్లనో ఆ జన్యువు ఎంత పనిచేయాలన్నది మారుతుంది. ఆమె నడుముకు ఎప్పుడూ తాళంచెవుల గుత్తి ఉంటుంది కాబట్టి ఆమెకు ఇలా చెప్పాను: బిల్డింగ్ అదే, గదులు అవే. ఏ గదికి తాళం పడింది, ఏది తెరిచి ఉంది అన్నదే మారుతుంది.

దీనికి గట్టి ఆధారం మొదట ఎలుకల్లో దొరికింది. కెనడాలో మైకేల్ మీనీ బృందం 2004లో ప్రచురించిన పరిశోధన అది. పిల్లల్ని ఎక్కువగా నాకి సాకే తల్లి దగ్గర పెరిగిన ఎలుకలకూ, అంతగా పట్టించుకోని తల్లి దగ్గర పెరిగిన ఎలుకలకూ మెదడులో కార్టిసాల్ గ్రాహకపు జన్యువు మీద మిథైల్ గుర్తులు వేరుగా ఉన్నాయి. ఆ తేడా పుట్టిన మొదటి వారంలోనే వచ్చింది. ఒక తల్లి పిల్లల్ని మరో తల్లి దగ్గర పెంచితే పెంచిన తల్లికి తగ్గట్టే గుర్తులు పడ్డాయి. పెద్దయ్యాక మెదడులోకి ఒక రసాయనం ఎక్కిస్తే ఆ తేడా పోయింది కూడా. గుర్తులు పడతాయని చాలామంది చెబుతారు. అదే పరిశోధనలో అవి చెరిగాయన్న సంగతిని మాత్రం చాలామంది వదిలేస్తారు.

మనుషుల్లో 2009లో, ఆత్మహత్య చేసుకుని చనిపోయినవారి మెదడు కణజాలాన్ని పరీక్షించారు. చిన్నప్పుడు హింసకు గురైనవారిలో అదే గ్రాహకపు జన్యువు మీద మిథైల్ గుర్తులు ఎక్కువగా ఉన్నాయి. ఆత్మహత్య చేసుకున్నా బాల్యంలో హింస లేనివారిలో అవి మామూలుగానే ఉన్నాయి. గుంపుకు 12 మంది మాత్రమే, చిన్న పరిశోధన. కానీ గుర్తుకు సంబంధం చావుతో కాదు, బాల్యంతో అని చూపింది. తర్వాత ఎఫ్‌కెబిపి5 అనే మరో జన్యువు సంగతి తెలిసింది. ఈ జన్యువు తయారుచేసే ప్రోటీన్ కార్టిసాల్ గ్రాహకాన్ని మొద్దుబారుస్తుంది. ఈ జన్యువులో ఒక రకపు తేడాతో పుట్టి, బాల్యంలో హింసకు గురైనవారిలో దాని మీద మిథైల్ గుర్తులు తగ్గాయని 2013లో ప్రచురించారు. గుర్తులు తగ్గితే ఆ ప్రోటీన్ ఎక్కువగా తయారవుతుంది, ‘ఇక చాలు’ అన్న మాట మెదడుకు సరిగా చేరదు.

‘అంత టెన్షన్ ఉంటే కార్టిసాల్ ఎక్కువ రావాలి కదా, మరి నా పరీక్ష మామూలుగా వచ్చిందేంటి?’ అని ఆమె అడిగారు. సరైన ప్రశ్న. రక్తంలో కార్టిసాల్ ఎంతుందన్నది ఒక సంగతి, కణాలు దాని మాట వింటున్నాయా అన్నది మరో సంగతి. చాలాకాలం ఒత్తిడిలో ఉన్నవారి రోగనిరోధక కణాలు కార్టిసాల్‌ను పట్టించుకోవడం మానేయవచ్చు. అప్పుడు దాని స్థాయి మామూలుగా ఉన్నా వాపు తగ్గదు. ఆమె సీఆర్‌పీ ఎక్కువగా ఉండటానికి ఇది ఒక కారణం కావచ్చు. బరువు కూడా కారణం కావచ్చు. రెండిటినీ విడదీసే మార్గం నా దగ్గర లేదు.

పనిచేయనిది: కౌన్సెలింగ్, పరీక్ష

ఇంత తెలిశాక సహజంగా తోచేది ట్రామా కౌన్సెలింగ్, అంటే మనసుకు తగిలిన పాత గాయాల గురించి మాట్లాడించే చికిత్స. పంపాం. కొన్ని సెషన్లకే ఆమె మానేశారు. బాల్యం గురించి మాట్లాడి ఇంటికి వెళ్లిన రోజుల్లో అసలు నిద్రపట్టేది కాదని, ఇంట్లో చూసుకున్న బీపీ కూడా ఆ రోజుల్లో పెరిగిందని చెప్పారు. కౌన్సెలర్ నేర్పుగలవారే. చిక్కు వరసలో ఉంది. పాత గాయాన్ని కదిలించాలంటే ముందు ఇప్పుడు భద్రత ఉండాలి. ఆమె తలుపును ఇంకా బాదుతూనే ఉన్నారు. ప్రమాదం అయిపోయిందని మెదడుకు నేర్పడానికి ముందు అది నిజంగా అయిపోవాలి కదా. కౌన్సెలర్‌తో కలిసి ఆలోచించి సెషన్లు ఆపాం, తర్వాత మొదలుపెడదామని రాసుకున్నాం.

రెండోది పరీక్ష. కూతురు ఇంటర్నెట్‌లో ఎపిజెనెటిక్ వయసు చెప్పే పరీక్ష చూసి, అమ్మకు చేయిద్దామని అడిగింది. వద్దన్నాను. కారణాలు ఆ అమ్మాయికి చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. 2013లో స్టీవ్ హోర్వాత్ డీఎన్‌ఏ మీద 353 చోట్ల మిథైల్ గుర్తులు చూసి వయసు అంచనా వేసే లెక్క తయారుచేశారు. పరిశోధనకు గొప్ప సాధనం. కానీ మనకు దొరికేది రక్తం లేదా ఉమ్మి. మెదడులో ఏం జరిగిందో అవి నేరుగా చెప్పలేవు. రక్తంలో ఏ రకం కణాలు ఎంత పాళ్లలో ఉన్నాయన్నదాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. పొగతాగడం ఒక్కటే ఏహెచ్‌ఆర్‌ఆర్ అనే జన్యువు మీద గుర్తులను బలంగా మార్చేస్తుంది. ఇవన్నీ పక్కన పెట్టినా, రిపోర్టు ఏది వచ్చినా నేను రాసే మందు మారదు. వైద్యాన్ని మార్చని పరీక్ష, అదీ ‘మీ వయసు కంటే మీ శరీరం పదేళ్లు ముసలిది’ అని చెప్పగల పరీక్ష, అప్పుల్లో ఉన్న మనిషికి ఎందుకు?

చిన్నప్పుడు ఎన్ని రకాల కష్టాలు పడ్డారో లెక్కపెట్టే బాల్య కష్టాల స్కోరు వేయడం గురించి కూడా ఆలోచించాను. 1998లో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా బృందం ప్రచురించిన పెద్ద పరిశోధన బాల్య కష్టాలు పెరిగేకొద్దీ పెద్దయ్యాక గుండె జబ్బు, డిప్రెషన్, మద్యం అలవాటు ఎలా పెరుగుతాయో మెట్లుమెట్లుగా చూపింది. ఈ కేసులో నన్ను సరైన దిక్కుకు తిప్పిన పరిశోధన అది. కానీ ఆ స్కోరు జనసమూహాల కోసం తయారైంది, ఒక్క మనిషికి ఏం జరుగుతుందో చెప్పడానికి దాన్ని వాడొద్దని 2020లో ఆండాయే హెచ్చరించారు. ఆమె కథ నేను విన్నాను. దానికి అంకె వేస్తే నాకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

పనిచేసింది

ఇక్కడ నా తర్కం సూటిగా చెబుతాను. బాల్యంలో పడిన గుర్తులను చెరిపే మందు నా చేతిలో లేదు. కానీ ఆ గుర్తుల వల్ల ఒళ్లు అతిగా స్పందిస్తోంది అనుకుంటే, స్పందించాల్సిన అవసరాన్ని తగ్గించవచ్చు. ఆమె విషయంలో ఆ అవసరం ఎక్కడి నుంచి వస్తోందో డైరీలో గంటలతో సహా ఉంది.

మొదట అప్పు. మా సోషల్ వర్కర్ ఆమెను ఉచిత న్యాయ సలహాకు తీసుకెళ్లారు. ఆమె సంతకం ఏ మేరకు చెల్లుతుందో లాయర్ చూశారు, ఇంటికొచ్చి బెదిరించడం ఆపాలని రాతపూర్వకంగా పంపారు, మిగిలినదానికి ఆమె కట్టగలిగే వాయిదాలు కుదిర్చారు. ఇందులో నేను చేసింది ఒక వైద్య పత్రం రాయడమే. కానీ మొత్తం చికిత్సలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసిన అడుగు ఇదేనని నా నమ్మకం. తలుపు చప్పుళ్లు ఆగాయి.

తర్వాత షిఫ్టు. వారం వారం మారే షిఫ్టు షుగర్‌ను, బీపీని ఎలా పెంచుతుందో వివరిస్తూ ఆమె పనిచేసే సంస్థకు ఉత్తరం రాశాను. పగటి షిఫ్టు ఇవ్వలేకపోతే కనీసం ఒకే షిఫ్టు ఇవ్వమన్నాను. సాయంత్రం షిఫ్టు స్థిరంగా ఇచ్చారు. రాత్రిపూట పడుకోవడానికి అది చాలింది. ఉత్తరంలో బాల్యం గురించి ఒక్క ముక్క రాయలేదు. పని ఇచ్చేవాళ్లకు అది తెలియాల్సిన అవసరం లేదు.

మందుల విషయంలో చేసింది ఒక్కటే. మూడు బీపీ మందులను ఒకే మాత్రలోకి మార్చాం. నిద్ర వేళ స్థిరపడ్డాక మందుల వేళ కూడా తనంతట తానే స్థిరపడింది.

నాలుగు నెలల తర్వాత ఆమే అడిగారు, కౌన్సెలింగ్‌కు మళ్లీ వెళ్లొచ్చా అని. ఈసారి మొదటి కొన్ని సెషన్లలో బాల్యం ఊసే ఎత్తలేదు. భయం ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో గమనించడం, శ్వాస, నిద్రకు ముందు ఏం చేయాలి అన్నవాటి మీదే పనిచేశారు. పాత విషయాలకు ఆమె సిద్ధంగా ఉన్నానన్నప్పుడే వెళ్లారు. ఆ సెషన్లు ఇంకా నడుస్తున్నాయి.

ఏడాది తర్వాత బీపీ 136/84. 24 గంటల మానిటర్‌లో నిద్రలో బీపీ 9 శాతం పడింది, మామూలుకు దగ్గరగా. హెచ్‌బిఎ1సి 7.4. సీఆర్‌పీ 3. నొప్పులు సగానికి పైగా తగ్గాయని ఆమె అంటున్నారు, పూర్తిగా పోలేదు. మధ్యలో కొన్ని వారాలు డిప్రెషన్ బాగా ముదిరింది. ముప్పు తప్పాక పేరుకున్న దుఃఖం పైకి రావడం ట్రామా కేసుల్లో చూస్తుంటాం. అప్పుడు విజిట్లు దగ్గర దగ్గరగా పెట్టాం.

ఈ అంకెల్లో ఎంత భాగం దేని వల్ల అని నన్ను అడిగితే కచ్చితంగా విడదీయలేను. డైక్లోఫెనాక్ ఆపడం, ఎంపాగ్లిఫ్లోజిన్, స్పైరోనోలాక్టోన్ అన్నీ వాటి వంతు చేశాయి. కానీ మందులు అవే ఉండి బీపీ 150 దగ్గర నెలల తరబడి నిలబడింది. అప్పు, షిఫ్టు సర్దుకున్న తర్వాతే అది కదిలింది. మిథైల్ గుర్తులను మేము కొలవలేదు కాబట్టి అవి మారాయని చెప్పను. చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

కూతురి కడుపులో బిడ్డ

ఆ ప్రశ్నకు జవాబు తల్లీకూతుళ్లను కలిపి కూర్చోబెట్టి చెప్పాను.

వీర్యకణం, అండం తయారయ్యేటప్పుడు ఒకసారి, అండం ఫలదీకరణం అయిన వెంటనే మరోసారి, మిథైల్ గుర్తుల్లో చాలా భాగం చెరిగిపోతుంది. కొన్ని మాత్రం ఆ రెండు వడపోతలనూ తప్పించుకుంటాయి. అయినా అమ్మమ్మ కష్టం గుర్తుగా మనవరాలికి చేరుతుందన్న మాటకు మనుషుల్లో ఆధారం బలహీనం. ఆ వీడియోలో చెప్పినది ఎక్కువగా రేచల్ యెహుడా బృందం 2016లో ప్రచురించిన పరిశోధనే. నాజీల మారణకాండ నుంచి బయటపడిన 32 మంది, వాళ్ల సంతానం 22 మంది. ఎఫ్‌కెబిపి5 జన్యువు మీద ఒకచోట తల్లిదండ్రుల్లో గుర్తులు ఎక్కువగా, పిల్లల్లో తక్కువగా ఉన్నాయి. తల్లిదండ్రుల గుర్తు అలాగే పిల్లలకు వచ్చిందని అది చూపలేదు, పైగా దిక్కే వేరు. అంత తక్కువమందితో చేసిన పరిశోధనను చూసి ఒక కుటుంబం తన మనవరాలి భవిష్యత్తు గురించి కలత పడటం న్యాయం కాదు.

గర్భంలో ఉండగా నేరుగా తగిలేది వేరే సంగతి. 1944 చివర్లో మొదలైన నెదర్లాండ్స్ కరువు కాలంలో కడుపున పడ్డవారిలో ఐజీఎఫ్2 అనే జన్యువు మీద మిథైల్ గుర్తులు అరవై ఏళ్ల తర్వాత కూడా వాళ్ల తోబుట్టువుల కంటే తక్కువగా ఉన్నాయని 2008లో తేలింది. ఆ కరువును గర్భంలో చూసినవారికి పెద్దయ్యాక షుగర్‌ను అదుపు చేసే శక్తి తగ్గిందని కూడా కనుగొన్నారు. అది వారసత్వం కాదు, ఆ బిడ్డకు స్వయంగా తగిలిన ఆకలి. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, అమ్మమ్మ బాల్యాన్ని ఎవరూ మార్చలేరు, ఈ గర్భం మాత్రం అప్పటికి ఇంకా నడుస్తోంది. కాబట్టి అమ్మాయిని అడగాల్సినవి వేరే ఉన్నాయి. సరిగా తింటున్నావా, నిద్రపోతున్నావా, ఇంట్లో ఎవరైనా చేయి చేసుకుంటున్నారా? చివరి ప్రశ్నను తల్లి బయటికి వెళ్లాక, అమ్మాయి ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాను. లేదు అంది.

ఈ కేసు తర్వాత మా పద్ధతిలో మారినవి

మొండి బీపీ కేసుల్లో నిద్ర డైరీని తప్పనిసరి చేశాం, అందులో మేల్కొన్న కారణం రాసే గడి పెట్టాం. నేరుగా ‘చిన్నప్పుడు మిమ్మల్ని ఎవరైనా కొట్టారా’ అని అడిగితే చాలామంది లేదనే అంటారు. నిద్ర గురించి అడిగితే చెబుతారు. నిద్ర గురించి మాట్లాడటం వాళ్లకు సిగ్గు కాదు.

సోషల్ వర్కర్‌కు పంపడం మందులన్నీ అయిపోయాక చేసే పని అనుకునేవారు మా దగ్గర ఉన్నారు. ఈ కేసు తర్వాత నాలుగో బీపీ మందు రాసేటప్పుడే ఆ కాగితం కూడా రాస్తున్నాం.

ఎపిజెనెటిక్స్‌ను పేషెంట్‌కు చెప్పాలా వద్దా అన్నదాని మీద తోటి డాక్టర్లతో నాకు అభిప్రాయభేదం ఉంది. చెబితే విధిరాతలా వింటారని కొందరి భయం. ఆ భయంలో నిజం ఉంది, ఆ వీడియో ఆమెకు చేసింది అదే. అయినా చెప్పాలనే నా అభిప్రాయం. ఏళ్ల తరబడి ‘మందులు సరిగా వేసుకోవడం లేదు’, ‘అంతా మీ ఊహ’ అని విన్న మనిషికి, తన ఒంట్లో జరుగుతున్నదానికి కొలవదగ్గ కారణం ఉందని తెలియడం చిన్న విషయం కాదు. కాకపోతే గుర్తులు పడతాయన్న మాట చెప్పిన సెషన్‌లోనే, అవి చుట్టూ ఉన్న పరిస్థితిని బట్టి కూడా మారతాయన్న మాట చెప్పి తీరాలి. తర్వాత విజిట్‌లో చెబుదాం అనుకోకూడదు. ఆ మధ్య రోజుల్లో పేషెంట్ ఒంటరిగా ఆలోచించుకునేది మొదటి సగం గురించే.

ప్రస్తుతం ఆమెకు స్పైరోనోలాక్టోన్ తగ్గించవచ్చా అని చూస్తున్నాం. పొటాషియం రిపోర్టు రావాలి. షిఫ్టు ఉత్తరం గడువు ఆరు నెలలే కాబట్టి, అది ముగిసేలోపు మళ్లీ రాసి పంపాలని కేస్ షీట్ పైన రాసి పెట్టాం.